కిటికీల సాధన దీక్ష

గుర్రమ్మవలస మండలంలో ఇకమీదట గాలి ద్వారా ఏ రోగమూ వ్యాపించబోదనీ, ఎవరైనా వ్యాపింపజేయాలని చూస్తే ఎంతటివారినైనా ఉపేక్షించేది లేదనీ మా నాయకులు గణపతిరావుగారు బస్టాండు సెంటర్లో సభాముఖంగా ప్రకటించారు. ప్రకటించింది నా మైకులోనే. అందుచేత ఈ చరిత్రకి మొదటి సాక్షిని నేనేనని చెప్పుకోడానికి నాకెంతో గర్వంగా ఉంది.

నా పేరు థామస్. చీపురుపల్లి నుంచి గరివిడి వెళ్లే దారిలో లోపలికి తిరిగితే మా ఊరొస్తుంది. ఊళ్లోకి రాగానే కనబడే 'హోసన్నా సౌండ్స్ అండ్ టెంట్ హౌస్' నాదే. అన్ని పార్టీలకీ నా కుర్చీలే, నా షామియానాలే. అధికార పార్టీ సభలో మైకు ఖంగుమని మోగి, ప్రతిపక్షం సభలో కుయ్యోమంటే అది ప్రజాభిప్రాయమే గానీ నా తప్పు కాదు.

ఇది 2015 మొదట్లో సంగతి. హుద్‌హుద్ తుఫాను వెళ్లి ఇంకా ఏడాది తిరగలేదు. రేకులు ఎగిరిపోయిన ఇళ్ల మీద టార్పాలిన్లు అలాగే ఉన్నాయి. గాలి అన్న మాట వింటేనే జనం ఉలిక్కిపడుతున్నారు. అది చాలనట్టు స్వైన్ ఫ్లూ వచ్చింది. టీవీ పెడితే అదే, పేపరు విప్పితే అదే. దగ్గినవాణ్ణి బస్సులోంచి దించేస్తున్నారు. తుమ్మొచ్చినవాడు పొలం గట్టు దాకా పరిగెత్తి తుమ్మి వస్తున్నాడు. ఈ పరిస్థితిని ప్రభుత్వం చాలా సీరియస్‌గా తీసుకుని, గణపతిరావుగారిని ఒక కమిటీకి చైర్మన్‌ని చేసింది.

నిజానికి ఆయన అడిగింది మార్కెట్ కమిటీ. అది ఎవరి బావమరిదికో వెళ్లిపోయింది. మిగిలింది 'గాలి సంబంధిత వ్యాధులు మరియు విపత్తుల నివారణ కమిటీ'. ఆ ఉత్తర్వు పట్టుకొచ్చింది ఆయన పి.ఎ. నరసింగరావు. అప్పుడు నేను వాళ్ల వాకిట్లో కుర్చీలు దింపుతున్నాను.

"ఏటిది నరసింగరావూ, గాలా?" అన్నారు గణపతిరావుగారు కాగితం తిరగేసి చూసి.

"గాలేనండి."

"మార్కెట్ కమిటీకైతే యార్డుంటాది, గోడౌనుంటాది. దీనికేటుంటాది?"

"పరిధి ఎక్కువండి. యార్డుకి ప్రహరీ గోడుంటాది. గాలికి గోడేదండి? మీ అధికారానికి అడ్డూ ఆపూ లేదండి."

ఆ మాటతో ఆయన మనసు కుదుటపడింది. సాయంత్రానికల్లా కారు మీద బోర్డు వచ్చింది. అందులో 'చైర్మన్' అన్నది వీధి చివర్నుంచి కనబడుతుంది. 'గాలి' అన్నది చదవాలంటే బానెట్ మీదికి వంగాలి.

పదవి చేపట్టిన వెంటనే ఆయన మా ప్రభుత్వాసుపత్రిని తనిఖీ చేశారు. అందులో వార్డు పాతకాలపు కట్టడం. ఎత్తయిన కప్పు, అటూ ఇటూ వరసగా కిటికీలు. ఆ కిటికీలు ఎంత పెద్దవంటే ఆవు దూరిపోతుంది. ఒకసారి దూరింది కూడా. డ్యూటీలో ఉన్న డాక్టరు రమేష్‌బాబుగారు కుర్రాయన. బదిలీ కోసం ఎదురుచూస్తున్నారు కాబట్టి అందరితోనూ మర్యాదగా ఉంటారు.

"డాక్టరుగారూ, ఈ రోగం దేన్ని పట్టుకొస్తాది?" అని అడిగారు చైర్మన్‌గారు.

"గాలి ద్వారా సార్. దగ్గినప్పుడూ తుమ్మినప్పుడూ..."

"గాలి దేన్ని పట్టుకొస్తాది?"

డాక్టరుగారు ఆలోచించారు. పరీక్షల్లో ఎప్పుడూ రాని ప్రశ్న. "కిటికీల్లోంచి సార్," అన్నారు చివరికి.

"మరింకేటి," అన్నారు చైర్మన్‌గారు.

ఇంత చిన్న విషయం ఇన్నేళ్లుగా పెద్ద పెద్ద డాక్టర్లకి ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మర్నాడే వడ్రంగులొచ్చి కిటికీలన్నిటికీ ప్లైవుడ్ చెక్కలు కొట్టేశారు. గాలి అవసరం తీరడానికి గోడకి ఏసీ పెట్టారు. 'ఏసీ ఐసోలేషన్ వార్డు' అని పేరు పెట్టి రిబ్బను కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టాక సిస్టర్ పద్మకుమారి మెల్లిగా దగ్గరికొచ్చింది.

"సార్, ఏసీ పనిచేయడం లేదండి. లోపలి మిషనే వచ్చింది. బయట పెట్టే బాక్సు రాలేదండి."

"ఏసీ పెట్టింది లోపలోళ్లకా, బయటోళ్లకా?"

"లోపలోళ్లకేనండి."

"లోపలిది వచ్చింది కదమ్మా. బయట చల్లబరచడం మన పని కాదు."

సిస్టర్ తలూపి వెనక్కి వెళ్లిపోయింది. ఆవిడకి ఇంకా చాలా సర్వీసు ఉంది.

ఇంతవరకూ నేను ఒడ్డున కూచుని మెచ్చుకున్నవాణ్ణే. తర్వాత నా భార్య గ్లోరీకి జ్వరం తగిలింది. గ్లోరీ మా బాప్టిస్టు చర్చి క్వయర్లో పాడుతుంది. సన్నటి గొంతు. ఆ గొంతు దగ్గి దగ్గి బొంగురుపోయి, చివరికి లారీ గేరు మార్చినట్టయింది. డాక్టరుగారు ముక్కులోంచి నమూనా తీసి విశాఖపట్నం పంపించి, రిజల్టు వచ్చేదాకా ఏసీ వార్డులో ఉండాలన్నారు.

సాయంత్రం చారన్నం పట్టుకెళ్లాను. తలుపు తీయగానే వేడి మొహానికి కొట్టింది. ఒకే ఒక్క ఫ్యాను. అది కూడా లోపలి గాలినే కలియబెడుతోంది. మంచాలన్నీ దగ్గుతున్నాయి. గ్లోరీ చెమటతో తడిసి గోడకి చేరబడి కూచుంది.

"ఏటి మావా ఇది, వార్డా, ఇడ్లీ కుక్కరా?" అంది.

"ఏసీ వార్డే గ్లోరీ. స్పెషల్."

"ఏ రోగమో తేలని మనిసిని, అన్ని రోగాలూ ఉన్న గదిలో ఎట్టి తాళమేసినారు. నాకున్నది స్వైన్ ఫ్లూ కాకపోయినా పర్లేదు, రిజల్టు వచ్చీలోగా వచ్చీస్తాది."

పక్క మంచం మీద కూర్మమ్మ అనే ముసలావిడ ఉంది. పక్కా రైతు కుటుంబం. మాట మెత్తగానే అంటుంది గానీ గురి తప్పదు. "అది కాదు బాబూ," అంది నాతో. "ఆ మూల మంచపోడు దగ్గినాడనుకో. ఆ దగ్గుకి బయటికెళ్లే తోవ లేదు. పాపం అదేటి సేస్తాది? ఒక్కో మంచం కాడా ఆగాగి, అందర్నీ పలకరించి నా కాడికొస్తన్నాది."

ఇద్దరూ నవ్వారు. నవ్వగానే ఇద్దరికీ దగ్గొచ్చింది. గ్లోరీ ఆ దగ్గుకి మెలికలు తిరిగిపోతుంటే నేను చారన్నం గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి మంచం పట్టగా చూడలేదు. నాకు భయమేసింది.

అక్కణ్ణుంచి తిన్నగా చైర్మన్‌గారింటికెళ్లాను. చేతులు కట్టుకుని, "బాబూ, ఒక్క కిటికీ అయినా తీయించండి. లోపలోళ్లకి ఊపిరాడతం లేదు," అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. పెద్దమనిషి. నన్ను కూచోబెట్టి చెప్పారు. "సూడు థామస్. కిటికీ తీస్తే లోపలి రోగం బయటికొస్తాది. అవునా?"

"అవునండి."

"బయటి రోగం లోపలికెళ్తాది. అవునా?"

"అవునేమోనండి."

"మధ్యలో రెండూ గుద్దుకుంటే ఎవరి మీదికొస్తాది? నా మీదికొస్తాది. నాను చైర్మన్ని."

ఆ ముందుచూపుకి ఆశ్చర్యపోయాను. ఆశ్చర్యపోయి ఆసుపత్రికి తిరిగొచ్చాను. గ్లోరీ అట్టముక్క పట్టుకుని కూర్మమ్మకి విసురుతోంది. కూర్మమ్మ కొంగుతో గ్లోరీకి విసురుతోంది. ఉన్న గాలినే ఒకళ్లకొకళ్లు ఇచ్చిపుచ్చుకుంటున్నారు.

ఇక మాస్కుల సంగతి. మండలంలో ప్రతి మనిషికీ మాస్కు పంచాలని కమిటీ తీర్మానించింది. నమూనా మాస్కు కట్టుకుని అద్దంలో చూసుకున్న చైర్మన్‌గారు దిగాలుపడ్డారు.

"దీంతో నా మొకం కనపడతం లేదు, నరసింగరావూ. జనం నన్ను మర్చిపోతారు."

నరసింగరావు ఊరికే పి.ఎ. కాలేదు. "మాస్కు మూసేది నోరు కదండీ. మూసిన చోట మీ నోరే అచ్చు వేయిద్దామండి," అన్నాడు.

అలా గణపతిరావుగారి కింది సగం మొహం, అంటే గుబురు మీసం, పైవరస పళ్లు కనబడే చిరునవ్వు, గడ్డం మీది పుట్టుమచ్చతో సహా రంగుల్లో అచ్చయి ఇంటింటికీ వచ్చింది. కట్టుకోకపోతే రేషన్ షాపు దగ్గర నిలబడనివ్వలేదు. దాంతో ఊరు ఊరంతా నవ్వడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు మీసంతో నీళ్లు పట్టుకుంటున్నారు. బడిలో పిల్లలు మీసాలతో ఎక్కాలు అప్పజెబుతున్నారు. ఆదివారం మా చర్చిలో పాస్టరుగారు నరకం గురించి గంటసేపు ప్రసంగం చేశారు. సంఘమంతా చిరునవ్వుతో విన్నది. తన సేవలో ఇంత సంతోషంగా ఉన్న సంఘాన్ని ఇంతకుముందెప్పుడూ చూళ్లేదని ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారు.

రెల్లివీధి దగ్గర ఒక పెద్దాయన పోతే శవయాత్రకి నా టెంటు సామానే వెళ్లింది. చుట్టాలంతా పాడె మోస్తూ, పళ్లు కనబడేలా నవ్వుతూ నడిచారు. చనిపోయినాయనకి మాత్రం మాస్కు లేదు. ఊరి మొత్తానికి ఆయనొక్కడే సీరియస్‌గా ఉన్నాడు.

ఇంత కృషి జరిగాక దాన్ని ప్రజలకి చెప్పకపోతే నేరం. అందుకని 'గాలి నివారణ మహాసభ' పెట్టారు. గాలి రాకుండా కల్యాణమండపంలో పెట్టారు. తలుపులు వేయించారు. జనం చాలకపోతే బాగుండదని ఏసీ వార్డు రోగుల్ని కూడా లబ్ధిదారుల కోటాలో ఆటోల్లో తెప్పించారు. జ్వరం ఉన్నవాళ్లని ముందు వరసలో కూచోబెట్టారు, గౌరవంగా ఉంటుందని. గ్లోరీ చలికి రగ్గు నెత్తి మీంచి కప్పుకుని, మీసం మాస్కు కట్టుకుని కూర్మమ్మ పక్కన కూచుంది. జిల్లా నుంచి పార్టీ పరిశీలకుడు కూడా వచ్చి వేదిక మీద కూచున్నాడు.

సభలో ప్రజలతో ముఖాముఖి ఉందని, పార్టీ కార్యకర్త అప్పారావు చేత ఒక ప్రశ్న ముందే బట్టీ పట్టించారు. 'చైర్మన్‌గారూ, మా కోసం ఇంత కష్టపడుతున్నారు, మరి మీ ఆరోగ్యం ఏం కావాలి?' అన్నది ప్రశ్న. దానికి జవాబు కాగితం మీద రాసి చైర్మన్‌గారి చేతిలో పెట్టారు. నేను తీగలేని మైకు ఇచ్చి పంపాను. మైకు చేతులు మారుతూ అప్పారావు కోసం వెళ్లింది. కానీ హాలు నిండా ఉన్నవాళ్లంతా అప్పారావుల్లాగే ఉన్నారు. ఒకటే మీసం, ఒకటే నవ్వు. మైకు ముందు వరసకి వచ్చి అక్కడ ఆగింది.

రగ్గు కప్పుకున్న మనిషొకరు లేచి నిలబడ్డారు. ఆ రగ్గు మాదే.

"కిటికీలు మూసీసి ఏసీ అన్నారు," అంది లారీ గేరు లాంటి గొంతు, నా నాలుగు బాక్సుల్లోంచి. "ఏసీ లేదు. లోపల ఊపిరాడతం లేదు. ఉన్నోళ్లు బతకాలా, వద్దా? కిటికీలు ఎప్పుడు తీస్తారు?"

చైర్మన్‌గారికి ఆ రోజు జలుబు. చెవులు దిబ్బడేశాయి. ప్రశ్న అయిపోయిందని పెదాల కదలికని బట్టి తెలుసుకుందామంటే పెదాలు ఆయనవే, నవ్వుతూ ఉన్నాయి. కాసేపు చూసి, కాగితం తీసి, జలుబుకి ఆ అడిగిన గొంతులాగే బొంగురుపోయిన గొంతుతో చదివారు.

"చాలా మంచి ప్రశ్న. మీ ప్రేమకి నా కళ్లు చెమర్చాయి. దీని గురించి మీరెవరూ బెంగ పెట్టుకోవద్దు. నా ఊపిరి ఉన్నంతవరకూ ఇదిలాగే సాగుతుంది."

అలవాటు కొద్దీ జనం చప్పట్లు కొట్టారు. పరిశీలకుడు మాత్రం కొట్టలేదు. ఏదో రాసుకున్నాడు.

ఎస్సై జగన్నాధంగారు వెంటనే రంగంలోకి దిగి తలుపుల దగ్గర కానిస్టేబుళ్లని పెట్టి ఒక్కొక్కరి మొహమూ పరీక్షించారు.

"అడిగింది నువ్వేనా?"

"కాదు బాబూ."

"మరి నవ్వుతున్నావేం?"

"మాస్కు నవ్వుతున్నాది బాబూ. నాను నవ్వతం లేదు."

ఇలా వరసంతా అయ్యాక కానిస్టేబుల్ని పిలిచి, "ప్రశ్న ఏ నోట్లోంచి వచ్చిందో ఎవరైనా చూశారా?" అన్నారు. "చూశాను సార్. చైర్మన్‌గారి నోట్లోంచే వచ్చింది," అన్నాడతను నిజాయితీగా. ఎస్సైగారు నా దగ్గరికొచ్చారు.

"మైకు నీదే కదా థామస్. గొంతెవరిది?"

"మైకు నాదేనండి. దాన్లోకొచ్చే గొంతులకి నాను పూచీ కాదండి. అలాగైతే ఈపాటికి అందరు నాయకుల కేసులూ నా మీదే ఉండాల."

ఆయన సమంజసంగానే ఉందన్నట్టు తలూపి వెళ్లిపోయారు. అప్పటికి రగ్గు కూర్మమ్మ మీద ఉంది. ఆవిడ గురక పెడుతోంది.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలో బొమ్మ పడింది. రగ్గు నీడలో కళ్లు కనబడడం లేదు. మీసం, నవ్వు, పుట్టుమచ్చ మాత్రం స్పష్టంగా ఉన్నాయి. కింద ఇలా ఉంది: 'కిటికీలు తీస్తారా లేదా? సొంత ప్రభుత్వాన్నే నిలదీసిన గణపతిరావు. సామాన్యుడిలా రగ్గు కప్పుకుని రోగుల మధ్య కూర్చున్న వైనం.'

ఆ పొద్దున్న నేను కుర్చీలు తెచ్చుకోడానికి వాళ్లింటికెళ్లాను. చైర్మన్‌గారు ఫోన్లో ఉన్నారు. అవతల పరిశీలకుడు. ఇటు ఈయన లేచి నిలబడి, "అయ్యా, నోరు నాదేనండి. మాట నాది కాదండి," అంటున్నారు. అంతలో వీధిలో డప్పులు వినిపించాయి. పక్క ఊళ్ల నుంచి కూడా జనం దండలు పట్టుకుని గేటు తోసుకొచ్చేశారు. ఒక పెద్దావిడ కాళ్ల మీద పడి, "మా గురించి సొంత పార్టీనే అడిగీసినావు. మగోడివి బాబూ నువ్వు," అంది. రెండు టీవీ చానళ్ల వాళ్లు గోడెక్కి తీస్తున్నారు. గణపతిరావుగారు మెళ్లో పడ్డ దండలు చూసుకున్నారు. ఫోను వైపు చూశారు. మళ్లీ దండలు చూసుకున్నారు.

"మాట కూడా నాదేలెండి," అని ఫోను పెట్టేశారు.

ఆసుపత్రికెళ్లి గ్లోరీకి పేపరు చూపించాను. బొమ్మని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అందరూ ఆ మనిసే అనుకున్నారా?"

"అందరూ అనుకున్నారు."

"నా గొంతు అలాగున్నాదా మావా?"

"తగ్గిపోతాదిలే," అన్నాను.

"ఒగ్గీ, పోన్లే. పేరు ఆయన్నే ఎట్టుకోమను. సెక్కలు తీయించమను, సాలు," అని అటు తిరిగి పడుకుంది. రాత్రంతా దగ్గిందని సిస్టర్ చెప్పింది.

పేరు పెట్టుకున్నాక ఊరుకుంటే నాయకుడెలా అవుతాడు? గణపతిరావుగారు 'కిటికీల సాధన దీక్ష' ప్రకటించారు. ఆసుపత్రి ఆవరణలో, చైర్మన్ మొండి వైఖరికి నిరసనగా, నిరవధికంగా. షామియానా నాదే. వేపచెట్టు పక్కన, నాలుగు వైపులా గాలి ఆడేలా వేశాను. ఆయన వచ్చి కూచోగానే పడమటి గాలి ఒకటి విసిరింది. నరసింగరావు కంగారుపడ్డాడు.

"సార్, గాలి నివారణ చైర్మన్ గాలిలో కూర్చుంటే ప్రజల్లోకి రాంగ్ మెసేజ్ వెళ్తుందండి. పైగా స్వైన్ ఫ్లూ. మీకేదైనా అయితే కిటికీలు సాధించేదెవరండి?"

"మరెక్కడ కూచోవాల?"

"ఊళ్లో గాలి చొరబడని చోటు ఒకటే ఉందండి. మీరే కట్టించారు."

అలా దీక్షా శిబిరం ఏసీ వార్డులోకి మారింది. రోగులు పక్కనుంటే దీక్షకి భంగమని వాళ్లని బయటికి పంపించేశారు. మంచాలు ఎక్కడ వేయాలని సిస్టర్ అడిగితే, "షామియానా ఖాళీగానే ఉన్నాది కదా," అన్నారు చైర్మన్‌గారు. నేనూ, రోగుల చుట్టాలూ కలిసి ఒక్కో మంచమూ మోసుకొచ్చి వేపచెట్టు వైపు వేశాం. గ్లోరీ మంచాన్ని మాత్రం నేను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గాలి వీచినవైపు వేసి, కాళ్ల దగ్గర దుప్పటి సర్ది కూచున్నాను. కాసేపటికి కూర్మమ్మ, "అబ్బ, పేనం లేసొచ్చినాది," అని పక్కకి ఒత్తిగిలింది. గ్లోరీ నిద్రపోయింది. దగ్గకుండా నిద్రపోయింది. నేను లేచి వెళ్లి మైకు వాల్యూము తగ్గించాను.

లోపల మాత్రం దీక్ష ఉధృతంగా సాగుతోంది. చైర్మన్‌గారి చుట్టూ యాభైమంది కార్యకర్తలు. తలుపు వేసి ఉంది. "చైర్మన్ డౌన్ డౌన్" అని చైర్మన్‌గారు అందిస్తే, కార్యకర్తలు గొంతు చించుకుని అందుకుంటున్నారు. ఎవరో ఒకరు దగ్గుతారు. ఆ దగ్గు కూర్మమ్మ చెప్పిన తోవలోనే అందర్నీ పలకరించుకుంటూ వెళ్తుంది.

మధ్యాహ్నం వినతిపత్రం ఇచ్చే కార్యక్రమం. చైర్మన్‌కి ఇవ్వాలి. గణపతిరావుగారు నిలబడి ఇచ్చారు, కూచుని పుచ్చుకున్నారు. చదివి, కళ్లజోడు తీసి, "పరిశీలిస్తాను," అన్నారు. వెంటనే లేచి, "పరిశీలిస్తాననడం కంటితుడుపు మాట. స్పష్టమైన హామీ కావాలి," అన్నారు. మళ్లీ కూచుని, "ప్రభుత్వానికి కొన్ని పరిమితులుంటాయి, అర్థం చేసుకోవాలి," అన్నారు. చర్చలు విఫలమయ్యాయి. రెండువైపులా పట్టువిడుపులు లేకపోవడమే కారణమని టీవీలో చెప్పారు.

కొద్దిరోజులకి బయట మంచాల మీదివాళ్లు లేచి తిరగడం మొదలుపెట్టారు. లోపల కార్యకర్తలు ఒక్కొక్కరే పడిపోవడం మొదలుపెట్టారు. ముందు అప్పారావు, తర్వాత నరసింగరావు. నినాదాలు తగ్గి దగ్గులు మిగిలాయి. డాక్టరు రమేష్‌బాబుగారు వచ్చి, "సార్, మీకు నూటమూడు జ్వరం ఉంది. ఉద్యమాన్ని ఇక్కడితో..." అని ఆగారు.

ఆ సాయంత్రం చర్చలు ఫలించాయి. చైర్మన్ దిగొచ్చారు. కిటికీలు తీయడానికి లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు. దీక్ష విరమింపజేయడానికి నిమ్మరసం అధికారంలో ఉన్నవాళ్లే ఇవ్వడం ఆనవాయితీ కాబట్టి, గణపతిరావుగారు తన చేత్తో తనకే తాగించుకున్నారు. సగం తాగి దగ్గొచ్చి సగం చొక్కా మీద పోసుకున్నారు. కెమెరావాళ్లు ఇంకోసారి తాగమన్నారు. తాగారు.

మర్నాడు వడ్రంగులొచ్చి చెక్కలు పీకేశారు. వెలుతురూ గాలీ కలిసి లోపలికి దూకాయి. సిస్టర్ పద్మకుమారి వార్డు మధ్యలో నిలబడి కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను. రోగుల మంచాలు మళ్లీ లోపల వేశాం. కార్యకర్తల మంచాలు కూడా కలిపి వేయాల్సొచ్చింది. గణపతిరావుగారిని మాత్రం మెరుగైన వైద్యం కోసం విశాఖపట్నం తీసుకెళ్లారు.

విశాఖపట్నం నుంచి గ్లోరీ రిజల్టు కూడా వచ్చింది. 'నమూనా సరిగా లేదు, మరొకటి పంపగలరు' అని ఉంది. "ఇంకేటి పంపుతాం సార్, దగ్గు అయిపోనాది," అంది గ్లోరీ. గొంతు మళ్లీ సన్నబడింది. డాక్టరుగారు నవ్వి ఇంటికెళ్లమన్నారు.

రగ్గూ గిన్నెలూ సర్దుకుని కూర్మమ్మ దగ్గర సెలవు తీసుకున్నాం. ఆవిడకింకా ఆయాసం పూర్తిగా తగ్గలేదు. కిటికీ పక్కనే మంచం వేయించుకుని, బయట వేపకొమ్మలు చూస్తూ పడుకుంది. "మళ్లీ రాకండి," అంది ప్రేమగా.

మేం మెట్లు దిగుతుంటే పార్టీ ఆఫీసు ఆటో వచ్చి ఆగింది. అందులోంచి నలుగురు కార్యకర్తలు దిగారు. దీక్షలో జబ్బు పడనివాళ్లు ఆ నలుగురే. విజయానికి గుర్తుగా రాత్రికి రాత్రి విజయనగరంలో వేయించిన ఫ్లెక్సీ చుట్ట విప్పారు. ఆసుపత్రి గోడ ఎంత పొడవో అంత పొడవుంది. ఒక చివర్నించి ఇంకో చివరిదాకా గణపతిరావుగారి నవ్వు. 'కిటికీలు తెరిపించిన మహానేతకు గుర్రమ్మవలస ప్రజల కృతజ్ఞతలు. మా ఊపిరి మీరే.' ఒకవైపే కడితే అధిష్ఠానం నొచ్చుకుంటుందని, రెండోవైపు గోడకి అధిష్ఠానం ఫ్లెక్సీ కూడా తెచ్చారు.

నిచ్చెన కావాలంటే నేనే ఇచ్చాను. ముందు అటువైపు కట్టారు, తర్వాత ఇటువైపు. అచ్చు చాలా బాగా వచ్చింది. గాలికి ఊగకుండా చుట్టూ మేకులు దగ్గరదగ్గరగా కొట్టించారు.

లోపల్నుంచి కూర్మమ్మ గొంతు వినపడింది.

"సిస్టరమ్మా, అప్పుడే పొద్దుగూకిపోనాదేటమ్మా?"